అటక కింద పొయ్యి

కోనసీమ వెళ్ళి వచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా ధర్మవరంలో అందరూ అడిగేది నీళ్ళ గురించే. నిజంగా అన్ని కాలువలున్నాయా, ఇంటి వెనక్కే పడవ వస్తుందా అని. ఉన్నాయి, వస్తుంది. కానీ నేను అక్కడికి వెళ్ళింది నీళ్ళు చూడ్డానికి కాదు, ఒక మంట చూడ్డానికి. ఐదు రోజులు ఉండాలని వెళ్ళి మూడో రోజే తిరుగుముఖం పట్టాను. ఇంట్లో అడిగితే ఒంట్లో బాగాలేదని చెప్పాను. అది అబద్ధం. అసలు సంగతి ఇక్కడ రాస్తున్నాను.

నేను చదివింది ఎనిమిదో తరగతి. వేరుశనగ నూనె మిల్లులో తూకాల గుమస్తాని. లెక్కలు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, పాత పుస్తకాలు ముందు పెట్టుకుని నాకు నేనే నేర్చుకున్నాను. కిరసనాయిలు కోసం డబ్బా పట్టుకుని గంటల కొద్దీ నిలబడ్డ రోజుల్లో, అసలు ఒక ఇంటి వంటకు ఎంత వేడి కావాలి, దానికి ఎంత ఖర్చవుతుంది అని ఏడాది పాటు మా ఇంటి కట్టెలు తూచి రాశాను. తరువాత పేడతో గ్యాసు చేసే ప్లాంటు పెడితే ఏం మిగులుతుందో కట్టాను. నాలుగు పశువుల పేడ, ఒక గొయ్యి, దాని మీద ఇనుప డ్రమ్ము. ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ పోను మిగతాది బ్యాంకు అప్పు. కట్టెల మీద మిగిలిన డబ్బుతోనే ఐదేళ్ళలో వాయిదాలన్నీ తీరిపోతాయి.

దాన్ని ముప్పై రెండు పేజీల పుస్తకంగా అచ్చు వేయించాను. మొదటి పేజీలో మొదటి వాక్యం: "పొగ అంటే ఎగిరిపోతున్న డబ్బు." చివరి పేజీలో ఒక షరతు: పాత పొయ్యి తీసేస్తేనే ఈ లెక్క నిజమవుతుంది, రెండూ వెలిగితే ఏమీ మిగలదు.

ఆ పుస్తకం చేతులు మారి అమలాపురంలో ఒక బ్యాంకు ఫీల్డాఫీసరుకు చేరింది. ఆయన దాన్ని చూసే ఆ చుట్టుపక్కల మొదటి ప్లాంటుకు అప్పు ఇప్పించాడు. నా షరతును ఫారంలో ఒక గడిగా కూడా పెట్టించాడు: "పాత పొయ్యి తీసివేయబడినదా?" అవునని ఎవరైనా చూసి రాస్తేనే సబ్సిడీలో రెండో సగం విడుదలవుతుంది. ఇప్పుడు మరో ముప్పై ఒక్క దరఖాస్తులు వచ్చాయనీ, మీరే వచ్చి మొదటి ప్లాంటు చూసి లెక్క సరిపోయిందని రాసిస్తే అన్నీ ఒక్కసారే మంజూరు చేయిస్తాననీ ఉత్తరం రాశాడు. చార్జీలు నేనే పెట్టుకుని బయల్దేరాను. నా లెక్క నీలం మంటగా వెలుగుతుంటే చూడాలని.

కొత్తపేట

రావులపాలెం దాటాక బస్సుకి రెండు వైపులా కొబ్బరి చెట్లే. మొదట్లో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఫర్లాంగు దాటకముందే మానేశాను. వాన సన్నగా పడుతూనే ఉంది. మా వైపు వాన వస్తే పని ఆపి బయటికొచ్చి చూస్తాం. ఇక్కడ ఎవరూ తలెత్తి కూడా చూడలేదు.

కొత్తపేటలో బస్సు ఆగితే కాకా హోటల్లో టీ తాగాను. నలభై పైసలు, గ్లాసు మా ఊరి దానికంటే పెద్దది. పొయ్యిలో కొబ్బరి కమ్మలూ, డొక్కలూ మండుతున్నాయి. డొక్క అంటే కాయ మీది పీచు తొక్క. అలవాటు కొద్దీ అడిగాను.

"ఇక్కడ కట్టెలు మణుగు ఎంతండీ?"

హోటలాయన గరిటె ఆపి నా వంక చూశాడు. "కట్టెలు కొనడమేటండీ? ఏ ఊరండీ తమది?"

"అనంతపురం జిల్లా."

"అదీ సంగతి. ఇక్కడ పొద్దున్నే లేచి పెరట్లోకెళ్తే రాత్రి రాలిన కమ్మలే రెండు పూటలకి వస్తాయండి. కొంటే నవ్వుతారు."

పక్కనున్న వాళ్ళు అప్పటికే నవ్వుతున్నారు. నేనూ నవ్వాను. కానీ బస్సెక్కాక పుస్తకం తీసి పదకొండో పేజీ చూశాను. కట్టెల ధర అని అక్కడ వేసినది ధర్మవరం ధర. ఊరికే వచ్చినా వస్తువుకు విలువంటూ ఉంటుంది కదా అని సర్దిచెప్పుకుని పుస్తకం మూశాను. అప్పుడే కాస్త ఆలోచించి ఉండాల్సింది.

అంబాజీపేట

ఇక్కడ కొబ్బరికాయలు గుట్టలుగా కాదు, గోడలుగా ఉంటాయి. బయటి రాష్ట్రాలకు పోయే లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక కొట్టు ముందు నేలలో దిగ్గొట్టిన ఇనుప గునపం మీద ఒక మనిషి కాయలు వలుస్తున్నాడు. మూడు పోట్లు, కాయ బయట. నిమిషానికి ఎన్ని అని గడియారం చూస్తుంటే ఆయనే పలకరించాడు. పేరు ఏసుపాదం. నా వయసే ఉంటుంది.

"లెక్కెడుతున్నారా బాబూ? మా షావుకారు కూడా అన్ని లెక్కలెట్టడండి."

టెంకాయలు ఎంత వేగంగా ఒలుస్తున్నారో అన్నాను. ఆ మాటకి ఆయన పక్క మనిషిని కేకేసి, "ఒరే, టెంకాయంటారంటరా వీరి ఊళ్ళో," అని నవ్వి, ఒక చిన్న కాయ తీసి నా చేతికిచ్చాడు.

"ఇది కురిడీ అండి. చెవి దగ్గరెట్టుకుని ఊపండి."

ఊపాను. లోపల ఏదో గటగటమని కొట్టుకుంది.

"నీళ్ళన్నీ ఇగిరిపోయి లోపల గుండు చిప్పని ఒదిలేసిందన్నమాటండి. అలా పలికితేనే ధర. పలకలేదనుకోండి, నూనె మిల్లుకే. ఏడాది పడుద్దండి ఇలా అవడానికి."

"ఏడాది పాటు ఎక్కడ ఆరబెడతారు?"

"అటక మీదండి. ఇంకెక్కడ?"

నోటుబుక్కులో రాసుకున్నాను: కురిడీ, అటక, ఏడాది. ఆ అటక కింద ఏముంటుందని నేను అడగలేదు. మాది మట్టి మిద్దెల ఊరు. మా వంటింటి మీద ఒక గవాక్షం, దాని మీద ఆకాశం. పొగ పోవడానికి దారి చూడటం తప్ప, పొగతో పని ఉంటుందన్న ఊహ మాకు లేదు.

కాలువ అవతల

నేను చూడవలసిన ప్లాంటు రాజోలు వైపు పోయే దారిలో ఒక చిన్న ఊళ్ళో, కాలువ అవతల ఉంది. ఆ ఇంటాయన సత్యం గారు గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎప్పటి నుంచి నిలబడ్డారో తెలియదు. రెండెకరాల వరి, ఒకటిన్నర ఎకరం కొబ్బరి ఉన్న మనిషి.

కాలువ మీద వంతెన అంటే రెండు కొబ్బరి దుంగలు. ఆ ఊరి పిల్లలు సైకిలు భుజాన వేసుకుని దాటుతున్నారు. నేను సగం దాకా వెళ్ళి కిందికి చూశాను. కుడికాలి చెప్పు జారి కాలువలో పడి, తొందరేమీ లేనట్టు తేలుతూ వెళ్ళిపోయింది. సత్యం గారు వచ్చి చెయ్యి పట్టుకుని దాటించారు. గట్టెక్కగానే తన చెప్పులు విప్పి నా ముందు పెట్టారు.

"ఏసుకోండి మేష్టారూ. నాకు బురద అలవాటేనండి."

నేను మేష్టారిని కాదని చెప్పాను. "ఆయ్," అన్నారు. ఆ తరువాత కూడా మేష్టారనే పిలిచారు.

ముందు పశువుల పాక చూశాను. మూడు పశువులున్నాయి. నా లెక్కకి నాలుగు కావాలి. అడిగితే, "ఒకటి మేతకెళ్ళిందండి," అన్నారు. వానలో మేతకా అనుకున్నాను, ఊరుకున్నాను.

వంటిల్లు శుభ్రంగా ఉంది. సత్యం గారి భార్య మంగాయమ్మ గారు అగ్గిపుల్ల గీయగానే గ్యాసు పొయ్యి మీద మంట నీలంగా, చప్పుడు లేకుండా లేచింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గడియారం చూశాను. రెండు గ్లాసుల కాఫీకి నాలుగు నిమిషాలు. ఒక మూల నేల అప్పుడే అలికినట్టు తడిగా ఉంది. దాని మీద చిన్న ముగ్గు కూడా వేశారు. పాత పొయ్యి అక్కడే ఉండేదని సత్యం గారు చూపించారు. నేను ఆ ముగ్గు పక్కన నిలబడ్డాను. అరికాళ్ళకి వెచ్చగా తగిలింది. గ్యాసు పొయ్యి వేడి నేలలోంచి వస్తోందేమో అనుకున్నాను. ఇన్ని లెక్కలు కట్టినవాణ్ణి, వేడి అలా ఆరడుగుల దూరం నేలలో నడిచి రాదని నాకు తెలియదా? ఆ క్షణం తెలియలేదు.

రాత్రి భోజనానికి పొట్టిక్కలు చేస్తామన్నారు. పనసాకుల్ని పుల్లలతో బుట్టలా కుట్టి అందులో పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పడుతుంది. మా రాగి సంగటికి దీనికి ఏ సంబంధమూ లేదు గానీ, రెండూ పొట్టలో చాలాసేపు నిలబడతాయి. సగం ఉడికేసరికి మంట పొట్టిదై, వణికి, ఆరిపోయింది. మంగాయమ్మ గారు ఆ ముగ్గు వైపు ఒకసారి చూసి, చూపు తిప్పేసుకున్నారు. సత్యం గారు గిన్నె మీద తువ్వాలు కప్పి, "పక్కింట్లో ఉడికించుకొచ్చేస్తానండి, ఇప్పుడే," అని వానలోకి వెళ్ళారు.

పెరటి నిండా కమ్మలూ డొక్కలూ ఉన్నాయి. అయినా పక్కింటికి వెళ్ళారు. నా షరతును ఇంత నిక్కచ్చిగా పాటిస్తున్నారు కదా అని ఆ రాత్రి సంతోషపడ్డాను. కొబ్బరి పచ్చడితో ఏడు పొట్టిక్కలు తిన్నాను.

మూడో రోజు పొద్దున్న

వరండాలో ముఖం కడుక్కుంటుంటే గట్టు మీద నుంచి తెలిసిన గొంతు వినిపించింది. ఏసుపాదం. ఈ ఇంటి కాయ ఏటా వలిచేది ఆయనేనట. నన్ను చూడకుండా నేరుగా పెరటి వైపు వెళ్ళాడు.

"అమ్మగారోయ్! పొయ్యార్పేసేరేటండీ? రెండు రోజుల్నుంచి మీ పెంకుల్లోంచి పొగ రావట్లేదని ఊళ్ళో అనుకుంటన్నారు. ఈ ముసుర్లో పైన కాయేమైపోవాల? నిరుడు జరిగింది చాల్లేదేటండీ?"

"నెమ్మదిగా మాట్లాడు ఏసుపాదం," అన్నారు మంగాయమ్మ గారు. "ఇంట్లో మనుషులున్నారు."

"ఎవరండీ? ఆ పుస్తకం రాసినాయనా?" అని వరండా వైపు చూసి, నన్ను గుర్తుపట్టి నాలుక కరుచుకున్నాడు. "అమ్మో. టెంకాయ బాబు గారా."

ఎవరూ నవ్వలేదు.

అటక చూస్తానని నేనే అన్నాను. వద్దండీ, దుమ్మండీ, నిచ్చెన బాగాలేదండీ అన్నారు సత్యం గారు. ఎక్కాను. వంటింటి మీద సరిగ్గా ఆ ముగ్గు పైన, వెదురు తడికల మీద కాయలు మూడు వరసల ఎత్తున పరిచి ఉన్నాయి. తడికలు పొగకి నల్లగా మెరుస్తున్నాయి. అంచున ఉన్న కాయలు ముట్టుకుంటే చెమ్మగా ఉన్నాయి. ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. పలకలేదు. పది ఊపాను. మూడే పలికాయి.

కిందికి దిగాక సత్యం గారిని అడిగాను. ఆయన చెప్పలేక భార్య వైపు చూశారు. ఆమె చెప్పారు, చాలా మర్యాదగా, ఎవరో మూడో మనిషి సంగతి చెబుతున్నట్టు.

"పెద్దమ్మాయి అమలాపురంలో హాస్టల్లో ఉండి చదువుతోందండి. దాని ఏడాది ఫీజు ఆ అటక మీదే ఉంటాదండి. కింద పొయ్యి వెచ్చదనం, పొగ తగుల్తా ఉంటేనే వానాకాలం కాయ పాడవదు. నిరుడు గ్యాసొచ్చింది, పొయ్యి తీసేశాం. సగం కుళ్ళిపోయిందండి. కొన్ని మొలకలొచ్చేశాయి. ఫీజుకని ఒక గేదెని అమ్మేశాం."

అప్పుడు నాలుగో పశువు ఎక్కడికి మేతకు వెళ్ళిందో తెలిసింది. మూడు పశువుల పేడకి పొట్టిక్కలు సగమే ఎందుకు ఉడుకుతాయో కూడా తెలిసింది.

"మరి ఈ ఏడాది?"

"మళ్ళీ పొయ్యి పెట్టేం అండి," అన్నారు సత్యం గారు తల దించుకుని. "మీరొస్తున్నట్టు కార్డొచ్చింది. తనిఖీ కదా, గడి నింపాలి కదా అని తీసేసి అలికేశాం. ఐదు రోజులే కదా అనుకున్నామండి."

"ముందే నాకు ఒక్క ముక్క రాసి ఉంటే..."

ఈ మాట అనకుండా ఉండాల్సింది. మంగాయమ్మ గారు లోపలికి వెళ్ళి ఒక కవరు తెచ్చారు. మీద నా చేతిరాత.

"రాశానండి. అప్పు తీసుకోకముందే. ఆయన పేరు పెట్టి నేనే రాశాను. అటక మీద కాయకి పొగ లేకపోతే ఎలాగండీ అని. మీ జవాబు ఇది."

తీసి చదివాను. అప్పుడు గుర్తొచ్చింది. వంటింట్లో ఆడవాళ్ళ భయాన్ని ఇంటాయన రాశాడనుకుని, అటక ఏమిటి, దాని మీద ఏ కాయ అని అడగకుండానే రాసిన జవాబు. తొమ్మిది వరుసల అంకెలు. కట్టెలో ఎన్ని పాళ్ళు వేడి గిన్నెకి చేరుతుంది, ఎన్ని పాళ్ళు వృథా. చివర, కింద గీత గీసి: "పొగ వల్ల ఏ ఇంట్లోనూ ఏ ప్రయోజనమూ లేదు." దాని కింద నా సంతకం, కొత్త కలంతో.

"మీ లెక్క బాగానే ఉందండి," అన్నారామె. "మా అటకే లేదు అందులో."

ఏసుపాదం పెరట్లో గునపం వంక చూస్తూ నిలబడ్డాడు. ఎవరైనా నన్ను ఒక్క మాట అంటే బాగుండునని ఎంతగానో అనుకున్నాను. సత్యం గారు మాత్రం, "కాఫీ చల్లారిపోతోందండి," అన్నారు.

"పొయ్యి ఇప్పుడే వెలిగించండి," అన్నాను.

"ఆయ్, వెలిగిద్దామండి. మీరెళ్ళాక," అన్నారు సత్యం గారు. అతిథి కళ్ళ ముందు అతిథి మాట తప్పని చూపించడం ఆయన వల్ల కాదు. ఎంత చెప్పినా కాలేదు.

నేను ఇంకా రెండు రోజులు ఉండాలి. ముసురు తగ్గేలా లేదు. నేనున్న ప్రతి గంటా పైన కాయ పాడవుతుంది. అంటే ఆ పిల్ల చదువుకి, ఆ అటకకి మధ్య అడ్డంగా కూర్చున్నది నేనే. అర్జెంటు పని గుర్తొచ్చిందని చెప్పి సంచీ సర్దుకున్నాను. నా తప్పని చెప్పనే లేదు. చెప్పాలని గుమ్మం దగ్గర రెండుసార్లు ఆగాను. రెండుసార్లూ వాళ్ళు, "మళ్ళీ రండి మేష్టారూ," అన్నారు. ఆ మాట మీద నా మాట లేవలేదు.

దుంగల వంతెన ఈసారి కూర్చుని దాటాను. మలుపు తిరిగాక డొక్కల గుట్ట చాటున నిలబడి వెనక్కి చూశాను. ఇరవై రెండు నిమిషాలు చూశాను. అప్పుడు ఆ ఇంటి పెంకుల సందుల్లోంచి, ఒకచోటి నుంచి కాదు, కప్పు పొడవునా, సన్నగా పొగ పైకి లేచింది. వానలో పైకి పోలేక ఇంటి మీదే వాలి నిలిచింది. అంత డబ్బు అలా ఎగిరిపోతుంటే చూసి నేను అంతకుముందెప్పుడూ తేలిగ్గా ఊపిరి పీల్చుకోలేదు.

అమలాపురం

ఫీల్డాఫీసరు కుర్రవాడు, మంచివాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఎల్లుండి కదండీ వస్తానన్నారు? బావుందా మన ప్లాంటు?"

"మంట బాగుంది."

"అయితే ఇటు సంతకం పెట్టేయండి." ముప్పై ఒక్క దరఖాస్తుల కట్ట నా ముందుకు జరిపాడు.

సంతకం పెట్టనని చెప్పాను. కట్టెల ధర తప్పని చెప్పాను, అటక సంగతి చెప్పాను. వంటకి పోను మిగిలిన వేడి ఈ సీమలో వృథా పోవడం లేదని, దానికి ఒక పని ఉందని, ఆ పనికి ఇంకో దారి చూపించకుండా పొయ్యి తీయించకూడదని చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"ఈ పుస్తకం రాసింది తమరే కదండీ?"

"నేనే."

"ఇప్పుడు తప్పంటున్నదీ తమరే."

"నేనే."

"రెంటిలో దేన్ని పైకి పంపమంటారండీ?"

అటక ఉన్న ఇళ్ళను పక్కన పెట్టమన్నాను. "అటక లేని ఇల్లు ఇక్కడెక్కడుందండీ?" అన్నాడు. "ఫారంలో అటకకి గడి లేదు కూడానండి." అయినా నేను రాసిన రెండు పేజీల కాగితం తీసుకున్నాడు. పై ఆఫీసుకి పంపుతానన్నాడు, జవాబు వచ్చేదాకా ఆ ముప్పై ఒక్కటీ ఆపుతానన్నాడు. నేను తిరిగొచ్చి మూడు నెలలైంది, జవాబు రాలేదు.

తరువాత సత్యం గారి ఫైలు తీశాడు.

"ఇది మటుకు ఇవాళే నింపాలండి. గడువైపోతోంది. లేకపోతే రెండో సగం వెనక్కి పోద్ది. తీసివేయబడినదా, లేదా?"

"ఆ షరతు తీసేయకూడదా?"

"నాకెక్కడిదండీ ఆ అధికారం? అది తమ పుస్తకంలోదే."

లేదని రాస్తే సత్యం గారికి రావలసిన సగం పోతుంది. అవునని రాస్తే నా చేత్తో నేను అబద్ధం రాసినట్టు. తూకాల గుమస్తాగా పందొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా తప్పు అంకె రాయలేదు. కలం తీశాను. చివరికి రాశాను: "నేను ఉన్నంతసేపూ ఆ ఇంట్లో పాత పొయ్యి వెలగలేదు."

అతను చదివి, సంతోషంగా స్టాంపు వేశాడు. "తమ రాతే వేరండీ. ఎక్కడా తేడా ఉండదు."

బయటికొచ్చి బ్యాంకు మెట్ల మీద కూర్చున్నాక చూసుకున్నాను. నా కాళ్ళకి సత్యం గారి చెప్పులే ఉన్నాయి.